ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని

బల్ల ఆదివారం, అంటే సంఘమంతా ప్రభువు రాత్రి భోజనపు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం వస్తే, మనం తెరిచేది పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో 11వ అధ్యాయం (1 కొరింథీ 11). చదవడం మొదలుపెట్టేది మాత్రం 23వ వచనం దగ్గర. కొందరు కాపరులు 26తో ఆపేస్తారు, సంఘానికి కాస్త భయం చెప్పాలనుకున్నవారు 29, 30 దాకా వెళ్తారు. 17 నుండి 22 వరకు, ఆ తర్వాత 33, 34, ఇవి బల్ల దగ్గర వినపడేది చాలా అరుదు. తలా తోకా తీసేసి నడుము మాత్రమే చదువుతున్నాం. అందుకే "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అనగానే ప్రతివాడూ కళ్లు మూసుకుని, ఆ వారం చేసిన రహస్య పాపాలు గుర్తు చేసుకుని, అర నిమిషంలో ఒప్పుకుని కళ్లు తెరుస్తున్నాడు. ఆ ఒప్పుకోలు అవసరమే, కాదనను. కానీ కొరింథులో పౌలుకు కోపం తెప్పించిన పాపం కళ్లు మూసుకుంటే కనబడేది కాదు.

ఆ సంఘంలో ఎవరెవరున్నారో చూడండి. మొత్తం సంఘానికి ఆతిథ్యం ఇవ్వగలిగిన గాయియు ఉన్నాడు, పట్టణపు ఖజానాదారుడు ఎరస్తు ఉన్నాడు (రోమా 16:23). దాసులూ ఉన్నారు (1 కొరింథీ 7:21). ఘనవంశంవారు అనేకులు లేరని పౌలే అన్నాడు (1:26), అంటే కొద్దిమంది ఉన్నారన్నమాట. ఆదివారం అప్పటికి సెలవు దినం కాదు. రోమా సామ్రాజ్యంలో దాన్ని విశ్రాంతి దినంగా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ప్రకటించింది 321లో, పౌలు ఈ పత్రిక రాసిన రెండున్నర శతాబ్దాల తర్వాత. దాసుడు యజమాని పని ముగించుకుని, కూలివాడు చీకటి పడ్డాక రావాలి. అప్పటి బల్ల పూర్తి భోజనంతో కలిసి ఉండేది, తీరిక ఉన్నవాళ్లు ముందే చేరి తినేవారు. రోమీయుల ఇంట్లో భోజనశాల అంటే మూడు పాన్పులు, సుమారు తొమ్మిది మంది ఒరిగి కూర్చునే గది. అది నిండితే మిగతావారికి బయటి ముంగిలే. ఆలస్యంగా వచ్చినవాడికి చోటు ముంగిట్లో, భోజనం గిన్నె అడుగున. "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును" అనే మాట ఈ పరిస్థితిలో చదివితే అలంకారంగా అనిపించదు.

దానికి పౌలు చెప్పిన విరుగుడు చూస్తే మనకు మరీ మామూలుగా అనిపిస్తుంది. "భోజనము చేయుటకు మీరు కూడివచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" (33). ఉపవాసం ఉండమనలేదు, మూడు రోజులు ఏడవమనలేదు. ఆగమన్నాడు. ఆకలికి ఆగలేనివాడు ఇంట్లో తిని రమ్మన్నాడు (34). బలహీనులు, రోగులు, నిద్రించినవారు (అంటే చనిపోయినవారు) అంటూ 30వ వచనంలో అంత భయంకరమైన శిక్ష గురించి చెప్పి, చివరికి ఇంత చిన్న పని చెప్పాడేమిటి అనుకుంటాం. చిన్నదైతే కొరింథీయులు చేసేవారే. తీరికగలవాడు దాసుడి కోసం ఆగడమంటే ఆ దాసుడు తనతో సమానుడని పదిమంది ఎదుట ఒప్పుకోవడమే. క్రీస్తు రక్తం ఇద్దరినీ ఒకే వెలకు కొన్నదని నమ్మినవాడికే అది సాధ్యం.

ఇక్కడ కొందరు నన్ను అనుమానిస్తారు: సిలువ ప్రాయశ్చిత్తాన్ని పక్కన పెట్టి బల్లను సాంఘిక సేవగా మారుస్తున్నావా అని. లేదు. మన పాపాల కోసం మనకు బదులుగా ఆయన మరణించాడన్నదే బల్ల. అది లేకపోతే మిగిలేది రొట్టె ముక్క, ద్రాక్షరసం. అయితే ఇదే పత్రికలో 8:12 మరచిపోవద్దు. బలహీనుడైన సహోదరుణ్ణి నొప్పించేవాడు క్రీస్తుకే విరోధంగా పాపం చేస్తున్నాడని అదే పౌలు మూడు అధ్యాయాల ముందే చెప్పాడు. ఆ సహోదరుడి కోసం క్రీస్తు చనిపోయాడు (8:11). కాబట్టి "పేదలను సిగ్గుపరచుదురా?" అన్న 22వ వచనం, ప్రభువు శరీరరక్తాలను గూర్చి అపరాధి అవుతాడన్న 27వ వచనం వేరువేరు సంగతులు కావు. మొదటిదానికి తీర్పే రెండవది. 1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో సంఘ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ ఎన్నో విషయాల్లో ఏకీభవించి, రొట్టెలో క్రీస్తు ఎలా ఉన్నాడన్న ఒక్క దగ్గర విడిపోయారు. ఆ ప్రశ్న పెద్దదే. కొరింథీయులను మాత్రం పౌలు ఆ ప్రశ్న అడగలేదు.

ఇక చేయవలసినవి. ముందటి ఆదివారమే బల్ల గురించి ప్రకటించండి. అరగంట ముందు ప్రకటిస్తే పరీక్షించుకోవడానికి ఎవరికి సమయం ఉంటుంది? మత్తయి 5:24 "మొదట వెళ్లి" సమాధానపడమంటోంది. వెళ్లడానికి ఒక వారమైనా ఇవ్వాలి. స్కాట్లాండ్‌లోని సంస్కరణ సంఘాల్లో పెద్దలు బల్లకు ముందు విశ్వాసులను పరీక్షించి లోహపు బిళ్లలు ఇచ్చేవారు, బిళ్ల చూపినవారికే బల్ల. అంత పట్టింపు ఉండాలని అనను గానీ, ఆ వారంలో పెద్దలు ఇళ్లకు వెళ్లేవారన్నది మాత్రం మనం పూర్తిగా వదిలేసిన మంచి. ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో పెద్దలకు సాధారణంగా తెలుసు. తెలిసీ ఇద్దరికీ పళ్లెం అందించడం శాంతి కాదు.

రొట్టె ఒక్కటే ఉండాలి. "రొట్టె యొక్కటే గనుక అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నాము" (10:17) అని చదువుతూ, ముందే చతురస్రాలుగా కోసిన ముక్కల పళ్లెం తిప్పితే కన్ను ఒకటి చూస్తుంది, చెవి ఇంకొకటి వింటుంది. పావుకిలో పిండితో చేసిన రొట్టె వంద మందికి చిటికెడు ముక్క చొప్పున సరిపోతుంది. మరీ ఎండబెడితే విరిచేటప్పుడు పొడిపొడి అయి చెదురుతుంది, మెత్తగా ఉంటే సాగుతుంది. కాల్చేముందే నడిమధ్య కత్తితో ఒక గీటు పెడితే అందరి ముందూ రెండుగా శుభ్రంగా విరుగుతుంది. సంఘం పెద్దదై విరవడానికి చాలా సేపు పడితే పట్టనివ్వండి. గోధుమ పడనివారుంటే వారి ముక్క వేరే చిన్న పళ్లెంలో ఉంచి, అదే వరుసలో, అదే సమయంలో అందించాలి.

చిన్న గిన్నెల్లో పది మిల్లీలీటర్ల చొప్పున పోస్తే వంద మందికి లీటరు రసం. ముందురోజు పిండిన పచ్చి రసాన్ని వేడిలో బయట ఉంచితే పులవడం మొదలవుతుంది. కాచి, చల్లార్చి, మూతపెట్టాలి. 1869లో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు తన మెథడిస్టు సంఘపు బల్ల కోసమే రసాన్ని వేడిచేసి పులవకుండా ఆపాడు. తాగుడు మానుకుని వచ్చిన సహోదరుడు మీ సంఘంలో ఉంటే ఇది రుచికి సంబంధించిన విషయం కాదు. ఒక్కడి కోసం అందరూ పులియని రసం తీసుకోవడం కూడా కనిపెట్టుకొని యుండడమే. గిన్నెలు లెక్కకంటే పది ఎక్కువ నింపండి. ఆలస్యంగా వచ్చినవాడు పని నుండి వచ్చాడేమో, వాడికి ఖాళీ పళ్లెం చూపించకండి.

రొట్టె అందరికీ చేరేదాకా ఎవరూ తినకూడదు, అందరూ ఒకేసారి తినాలి. ముందు వరుస నమిలి మింగి కళ్లు తుడుచుకునేటప్పటికి వెనక వరుసకు పళ్లెమే రాకపోతే మళ్లీ కొరింథే. పాట తొందరగా అయిపోతే నిశ్శబ్దంగా కూర్చోండి, నష్టం లేదు. ఆన్‌లైన్ కూడికలో తెర ముందు ఒంటరిగా కూర్చుని తన రొట్టె తానే విరుచుకోవడాన్ని బల్ల అనడానికి నాకు మనసొప్పదు. ఎవరి కోసం ఆగినట్టు?

కదలలేనివారి సంగతి. సుమారు 155లో జస్టిన్ అనే తొలినాటి క్రైస్తవ రచయిత రాసిన దాని ప్రకారం, రానివారికి పరిచారకులు వారి భాగాన్ని తీసుకువెళ్లేవారు. అదే కూడికలో పోగైన కానుక అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి వెళ్లేది. అదే రోజు వెళ్లండి, వచ్చే గురువారం కాదు. విరిచిన అదే రొట్టె నుండి తీసుకువెళ్లండి, ఇద్దరు వెళ్లండి, 17 నుండి 34 దాకా మొత్తం చదవండి, వారితో పాటు మీరూ తినండి.

పశ్చాత్తాపం లేకుండా పాపంలో కొనసాగేవాణ్ణి బల్లకు దూరంగా ఉంచడం ప్రేమే. ఈ పత్రికలో అయిదో అధ్యాయం అందుకే ఉంది, కాపరులు దానికి సిగ్గుపడకూడదు. కానీ ఎవరూ ఆపకుండానే నెలల తరబడి పళ్లెం దాటవేసేవారు కూడా మన మధ్య ఉన్నారు, అయోగ్యులమనే భయంతో. పరీక్షించుకోమన్న వచనం తినవద్దు అనడం లేదు, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అంటోంది. యోగ్యత మనది కాదు గనుకనే బల్ల వేశారు. గిన్నెలు కడిగేటప్పుడు వాడని గిన్నెలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, ఎవరు తీసుకోలేదో పెద్దలు గమనించాలి. నలుగురిలో అడగకుండా ఆ వారమే వారి ఇంటికి వెళ్లి, "ఏమైందమ్మా" అని అడిగి, చెప్పేదాకా కూర్చోవాలి.