గేట్ ఈసీ: టచ్ స్క్రీన్ నాయిస్ దగ్గర అర్థమైన సిగ్నల్స్

ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఎలక్ట్రానిక్స్ పేపర్ (ఈసీ) రాశాను. ఫలితాలు వచ్చాయి, ఇంటర్వ్యూ కూడా అయింది. ఐఐటీలో మైక్రోఎలక్ట్రానిక్స్ ఎంఎస్ సీటు ఖాయమైంది. ఏ టెస్ట్ సిరీస్ రాశావు, ఏ మెటీరియల్ చదివావు అని అడుగుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ విడివిడిగా జవాబివ్వలేక ఇక్కడే రాస్తున్నాను. మెటీరియల్ మీ అందరి దగ్గరా ఉన్నదే. ఆప్టిట్యూడ్ 15, మ్యాథ్స్ 13 మార్కులు వదలకండి. నెట్‌వర్క్స్‌కు పాత ప్రశ్నపత్రాలు చాలు. ఎలక్ట్రోమాగ్నటిక్స్ గురించి మాత్రం నన్నడగకండి.

మొదటిసారి వచ్చిన ర్యాంకు కోరుకున్న బ్రాంచికి చాలలేదు. బంధువులు అనుకున్నట్టు అది బద్ధకం వల్ల కాదు. పగలంతా ఉద్యోగం చేసి రాత్రి చదివేవాడికి అంతకంటే మంచి ర్యాంకు ఎలా వస్తుంది? అయితే రెండోసారి గట్టెక్కించింది కూడా ఆ ఉద్యోగమే. ఎల్‌సీడీ తెరలకు టచ్ ప్యానెల్ జతచేసి పరీక్షించడం నా పని.

వేలు ఆనితే అడ్డం తీగకూ నిలువు తీగకూ మధ్య కెపాసిటెన్స్ పికోఫారడ్‌లో చిన్న వంతు తగ్గుతుంది. పట్టుకోవలసింది దాన్నే. కానీ ఆ వెనకే డిస్‌ప్లే ఒక్కో వరుసా రాస్తూ, రాసిన ప్రతిసారీ ఒక కుదుపు పంపుతుంది. మాది 1080 వరుసల తెర. బ్లాంకింగ్‌తో (ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ వరుసలతో) కలిపితే 1125 వరుసలు, సెకనుకు 60 ఫ్రేములు, అంటే 67.5 కిలోహెర్ట్జ్. టచ్ డ్రైవ్, అంటే వేలిని పట్టుకోవడానికి తీగల్లోకి పంపే సిగ్నల్, 270 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండేది. వేలు పెట్టకుండానే తెరమీద చుక్కలు పుట్టేవి. సగటు పెంచమన్నారు. 16 రీడింగుల సగటు తీస్తే నాయిస్ (అక్కర్లేని సిగ్నల్) 16 వర్గమూలం లెక్కన నాలుగో వంతుకు పడాలి, కానీ పడలేదు. ఆ వర్గమూలం సూత్రం పనిచేసేది ఒకదానితో ఒకటి సంబంధం లేని నాయిస్‌కే. 270 అంటే 67.5కు సరిగ్గా నాలుగో హార్మోనిక్, అంటే నాలుగు రెట్లు. పైగా రెండు క్లాకులకూ కొద్దిపాటి తేడా ఉండటంతో ఆ నాయిస్ వేలు వచ్చి వెళ్లినట్టే నెమ్మదిగా ఊగేది.

పరిష్కారం గేట్ నోట్సులోనే, సింక్ (sinc) ఫంక్షన్ పేజీలో ఉంది. ఒక సిగ్నల్‌ను కొంత కాలం పాటు కూడితే ఏ ఫ్రీక్వెన్సీలు సున్నా అయిపోతాయో చెప్పేది అదే. టచ్ క్లాకును డిస్‌ప్లే క్లాకు నుంచే తీసి, డ్రైవ్‌ను 236.25 కిలోహెర్ట్జ్‌కు మార్చి, ప్రతి రీడింగునూ సరిగ్గా రెండు వరుసల కాలం, అంటే 29.63 మైక్రోసెకన్లు, ఇంటిగ్రేట్ చేశాను (కూడాను). అందులో డ్రైవ్ 7 పూర్తి సైకిళ్లు పడతాయి. డిస్‌ప్లే హార్మోనిక్‌లు ఇటు 202.5, అటు 270, రెండూ డ్రైవ్‌కు 33.75 దూరంలో ఉంటాయి. 29.63 మైక్రోసెకన్ల విండోకు (కూడే కాలానికి) సున్నాలు పడేది కూడా ఆ దూరంలోనూ దాని గుణిజాల దగ్గరనే. మిగతా హార్మోనిక్‌లదీ అదే గతి. చుక్కలు మాయమయ్యాయి. (పిక్సెళ్లన్నిటికీ ఉమ్మడి ఎలక్ట్రోడ్ అయిన వీకామ్ వోల్టేజీని వరుస వరుసకూ తిరగేసే పాత రకం తెర అయితే నాయిస్ 33.75 నుంచే మొదలవుతుంది. 236.25 దాని ఏడో హార్మోనిక్ అవుతుంది కనుక ఇదే డ్రైవ్ మన కొంప ముంచేది.)

షార్ట్‌కట్ సూత్రాలు గోడకు అంటించుకునేవారికి ఇదంతా చాదస్తంగా తోచవచ్చు. తోచనివ్వండి. ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులు ఉండగల ఎంఎస్‌క్యూ ప్రశ్నల్లో ఆప్షన్లు తిరిగేది సూత్రం చుట్టూ కాదు, అది ఏ షరతు మీద నిలుస్తుందో దాని చుట్టూ. అక్కడ సగం తెలిసినందుకు సగం మార్కులు ఇవ్వరు. రోజూ ఒక్క సూత్రానికైనా షరతు రాసుకోండి. ఫోను పక్కన పెట్టి చదవండి. టచ్ స్క్రీన్లతోనే బతికిన నేను కూడా అలాగే చదివాను.

ఇంటర్వ్యూ అంతా ఈ పని చుట్టూనే సాగింది. టచ్ ప్యానెల్ విడిగా లేకుండా డిస్‌ప్లేలోనే కలిసి ఉండే ఇన్-సెల్ తెరలో ఇది పనిచేస్తుందా అని అడిగారు. పనిచేయదన్నాను. అక్కడ వీకామ్ పొర ముక్కలే టచ్ ఎలక్ట్రోడ్లు, కనుక 16.7 మిల్లీసెకన్ల ఫ్రేములో పిక్సెళ్లు రాయడానికి కొంత, టచ్‌కు కొంత కాలం పంచాలి. 120 హెర్ట్జ్ అయితే? ఆ వాటాలు సగమవుతాయి, రీడింగుకు 3 డెసిబెల్స్ నష్టం. రెండు ఫ్రేములు కలిపితే నష్టం పూడుతుంది గానీ స్పందన ఆలస్యమవుతుంది.

చివరి ప్రశ్న చార్జర్ మీద: దాని నాయిస్ వేలు ఆనినప్పుడే ఎందుకు కనిపిస్తుంది? చార్జర్ ఫోను గ్రౌండ్‌ను భూమితో పోలిస్తే ఊపుతుంది. ప్యానెల్ కూడా గ్రౌండ్‌తో కలిసే ఊగుతుంది కనుక లోపల తేడా తెలియదు. భూమికి దగ్గరి పొటెన్షియల్‌లో ఉన్న మన శరీరం తగిలితే, ఆ తేడా వేలి కెపాసిటెన్స్ గుండా రిసీవ్ తీగలోకి కరెంటుగా దిగుతుంది. దానికి డిస్‌ప్లేతో జత కుదర్చడం పనికిరాదు. డ్రైవ్ ఆపి నాయిస్ విని, నిశ్శబ్దంగా ఉన్న ఫ్రీక్వెన్సీకి మారిపోవాలి.