కుళాయి లెక్క, చెరువు లెక్క

"ఆయ్, మన ఊరి పేరు కూడా ఉందా ఇందులో?" అంటూ పిన్ని నా ఫోన్ లాగేసుకుంది.

పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ పథకం డ్యాష్‌బోర్డు అది, అంటే లెక్కలు చూపించే వెబ్ పేజీ. జిల్లా, మండలం దాటుకుంటూ వెళ్తే ఊరు తగులుతుంది, ఎన్ని ఇళ్లకు కుళాయి ఉందో కనిపిస్తుంది. 2019లో పథకం మొదలైనప్పుడు దేశం మొత్తం మీద కుళాయి ఉన్న పల్లె ఇళ్లు 3.23 కోట్లు. ఇప్పుడు 15 కోట్లు దాటాయి. ఆ గీత పైకి పోతుంటే నాకైతే ముచ్చటేసింది.

పిన్నికి గీత ఆనలేదు. "కుళాయి సరేరా. వేసవిలో కాలవ కట్టేశాక మన చెరువులో నీళ్లు ఎన్నాళ్లొస్తాయో చెప్తుందా?"

కాలవ చిట్టచివరి ఊరు కదా, బోరు వేస్తే ఉప్పు నీళ్లు. కాలవ ఆగేలోపు నింపుకున్న చెరువే దిక్కు.

మావాళ్లకు అంకెలంటే భయమని ఎవరైనా అంటే నమ్మను. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులంటే మొదటి వరద హెచ్చరిక, 13.75 అంటే రెండోది అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ అంకెను బట్టి గేదెల్ని ఎప్పుడు గట్టెక్కించాలో తేలుతుంది మరి.

చెరువు మట్టం కూడా ఊరివారీగా పెడితే రోజూ చూసేది పిన్నే.

ఇంకో తలనొప్పి ఉంది. మా కోనసీమ జిల్లా వచ్చింది 2022లో. అంతకుముందు లెక్కలన్నీ తూర్పుగోదావరి పేరు మీదే. పోల్చాలంటే మండలాలు ఏరి కూడుకోవాలి. ఆదివారం ఖాళీగా ఉన్నవాళ్లు చెప్పండి, కూర్చుందాం.