థండర్‌బర్డ్ తెరుచుకోని 19వ తేదీ

మాది తెనాలి. ఇంటి ముందు గదే నా ఆఫీసు. చుట్టుపక్కల కొట్లవాళ్లకూ, రెండు రైసు మిల్లులకూ జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. 19వ తేదీ అంటే ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 20లోగా 3బి అనే నెలవారీ రిటర్ను వేయాలి. 14న వచ్చే 2బి, అంటే అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా, పక్కన పెట్టుకుని కొనుగోలు బిల్లులు సరిచూడాలి. ఆ బిల్లులేమో పార్టీలు నింపాదిగా 18 రాత్రి మెయిల్లో పడేస్తారు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, పైన వడ్డీ, అన్నిటికీ మించి పార్టీ చేత మాట.

ఆ పొద్దున, నేను మెయిల్ చూసుకునే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ మీద డబుల్ క్లిక్ చేస్తే విండో సగమే వచ్చింది. పైన మెనూ, కింద అంతా తెల్లకాగితం. చక్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి టైటిల్ పక్కన 'నాట్ రెస్పాండింగ్' అని పడింది. మూసేసి మళ్లీ తెరిస్తే ఈసారి అదీ లేదు, ఒక చిన్న పెట్టె మాత్రం వచ్చింది. థండర్‌బర్డ్ ఇప్పటికే నడుస్తోందట, పలకడం లేదట, ముందు దాన్ని మూయాలట. కంటికి కనిపిస్తే కదా మూయడానికి!

టాస్క్ మేనేజర్లో దొరికింది. ఎండ్ టాస్క్ కొట్టాను. మళ్లీ అదే తెల్లకాగితం. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను, అప్పుడూ అంతే. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని తెరిస్తే యాడ్ఆన్లు, అంటే పైన తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు, లేకుండా ట్రబుల్‌షూట్ మోడ్‌లో వస్తుందని ఎప్పుడో తెలుసుకున్నాను. అదీ చేశాను. అక్కడా ఆగిపోయింది. అంటే యాడ్ఆన్ల తప్పు కాదన్నమాట.

ఇంతలో మిల్లు వాళ్ల ఫోను వచ్చింది. మాట్లాడి వచ్చేసరికి మా ఆఫీసు కుర్రాడు థండర్‌బర్డ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కొత్తది దించి, ఎక్కించేశాడు. "ఇప్పుడు చూడండి మేడమ్, ఎంత స్పీడుగా వచ్చిందో!" అన్నాడు. నిజమే, చిటికెలో తెరుచుకుంది. తెరుచుకుని నా పేరు, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ అడిగింది. ఎడమ పక్క ఒక్క ఫోల్డరు లేదు.

నాకు కాళ్లలో సత్తువ పోయింది. ఎందుకో చెప్పాలి. నా మెయిల్ సొంత డొమైన్ మీద ఉంది. సర్వర్లో ఇచ్చిన చోటు చాలా తక్కువ. అందుకని 2011లో మొదలుపెట్టినప్పుడే పాప్ పద్ధతి పెట్టుకున్నాను. మెయిల్ నా కంప్యూటర్లోకి దిగగానే సర్వర్లో చెరిగిపోతుంది. మెయిళ్లు సర్వర్లోనే ఉంచే ఐమ్యాప్ పద్ధతి అయితే పాస్‌వర్డ్ కొట్టగానే అన్నీ తిరిగి వచ్చేవి. నాకు ఇంకో కాపీ లేదు. బ్యాకప్ తీయండని పార్టీలకు చెప్పే మనిషిని నేను!

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి కొడుక్కి ఫోన్ చేశాను. వాడు కంప్యూటర్ల మనిషి. నేను చెప్పింది మొత్తం విని, "అత్తా, ఆ పాస్‌వర్డ్ కొట్టకు. ముందు మౌస్ మీంచి చెయ్యి తీసి, ఆ కుర్రాణ్ణి టీ తెమ్మని పంపు" అన్నాడు.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కించి, పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని కొట్టించాడు. అందులో థండర్‌బర్డ్, దాని లోపల ప్రొఫైల్స్. అక్కడ రెండు ఫోల్డర్లున్నాయి. ఒకటి ఆ రోజుది, కొన్ని ఎంబీలు. రెండోది 41 జీబీ. ప్రోగ్రామ్ తీసేసినా మెయిళ్లున్న ప్రొఫైల్ ఫోల్డర్ జోలికి పోదట. మరి ఖాళీగా ఎందుకు తెరుచుకుంది? పాత థండర్‌బర్డ్ 32 బిట్ రకం, కుర్రాడు ఎక్కించింది 64 బిట్ రకం. అది వేరే చోట కూర్చుంది. 68వ వెర్షన్ నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కి ఒక్కో ప్రొఫైల్ కాబట్టి, ఇదెవరిల్లో తెలియక తనకో కొత్త గది కట్టుకుంది.

ఊపిరి ఆడింది. కానీ 41 జీబీ ఏమిటి? నా ఇన్‌బాక్స్ అంత పెద్దదేం కాదు. మెయిల్ ఫోల్డర్ తెరిచి సైజులు చదవమన్నాడు. ఇన్‌బాక్స్ 7 జీబీ. దాని కింద ఎన్‌ఎస్‌టీఎంపీ అనే పేరుతో ఒకటి, అదే పేరుకి అంకెలు తగిలించి ఇంకో నాలుగు, ఒక్కొక్కటి అయిదారు జీబీలు. సి డ్రైవ్ చూస్తే ఎర్ర గీత చివరిదాకా పోయింది. మిగిలింది 90 ఎంబీ. చక్రం ఊరికే తిరగలేదన్నమాట.

ఇది పూర్తిగా నా చేతలే. థండర్‌బర్డ్‌లో మెయిల్ డిలీట్ చేస్తే కనపడకుండా పోతుంది గానీ, ఇన్‌బాక్స్ అనే ఆ ఒక్క పెద్ద ఫైల్లో దాని చోటు అలాగే ఉంటుంది. అప్పుడప్పుడూ కాంపాక్ట్ చేయాలా అని అడిగేది అందుకే. అవునంటే మిగిలిన మెయిళ్లన్నీ ఒక తాత్కాలిక ఫైల్లోకి రాసుకుని, తర్వాత పాతదాని స్థానంలో పెడుతుంది. నేను రాత్రి తొమ్మిదింటికి అవును అని నొక్కి, ల్యాప్‌టాప్ మూత మూసి భోజనానికి వెళ్లిపోయేదాన్ని. పని మధ్యలో ఆగిన ప్రతిసారీ ఒక సగం కాపీ మిగిలిపోయింది. ఆ ఎన్‌ఎస్‌టీఎంపీలు అవే.

ముందు ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయించాడు. నా పాత ల్యాప్‌టాప్‌కి అరగంట పైనే పట్టింది. ఆ అరగంటా పచ్చగీత వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆ అయిదు సగం ఫైళ్లూ తీసేయించాడు. ఆఖర్న, "ఇన్‌బాక్స్ డాట్ ఎంఎస్‌ఎఫ్ కూడా తీసెయ్, అది సూచిక మాత్రమే, మళ్లీ తనే రాసుకుంటుంది" అన్నాడు. పక్కపక్కనే రెండు పేర్లు, ఇన్‌బాక్స్, ఇన్‌బాక్స్ డాట్ ఎంఎస్‌ఎఫ్. ఒకటి నా పన్నెండేళ్ల పైచిలుకు బతుకు, ఇంకోటి చిత్తు కాగితం. మూడుసార్లు పైకి చదివించుకుని గానీ డిలీట్ నొక్కలేదు.

మళ్లీ విండోస్ కీ, ఆర్. థండర్‌బర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ, ఒక ఖాళీ, మైనస్, క్యాపిటల్ పి. ప్రొఫైళ్ల జాబితా వచ్చింది. పాతది ఎంచుకున్నాను. విండో ఈసారి నిండుగా వచ్చింది. కింద సూచిక కట్టుకుంటున్నట్టు ఒక లైను కొన్ని నిమిషాలు కదిలింది. తర్వాత మెయిళ్లు వరసగా దిగాయి. అడుక్కి వెళ్లి చూస్తే 2011 నాటి మొదటి మెయిల్, నాకు నేనే పంపుకున్న 'టెస్ట్'.

మిల్లు బిల్లులు కూడా వచ్చాయి. 20 సాయంత్రానికి రిటర్నులన్నీ వేసేశాను. ఆదివారం మధ్యాహ్నం చార్జర్ పెట్టి, మూత తెరిచే ఉంచి కాంపాక్ట్ చేస్తే ఇన్‌బాక్స్ సగానికి దిగింది. బయటి డిస్క్ ఇప్పుడు ప్రతి శనివారం బీరువాలోంచి బయటికొస్తోంది.

కుర్రాడు మాత్రం పక్కకొట్టు వాళ్లకు ఇంకా చెబుతూనే ఉన్నాడు, మేడమ్ మెయిల్ పోతే తనే మళ్లీ ఇన్‌స్టాల్ చేసి తెప్పించాడని.