బొగ్గు ఊళ్ల గోదా

లండన్‌లో నేను మొదట వెతుక్కుంటూ వెళ్లింది నేల మీదున్న ఒక గీతని. షెపర్డ్స్ బుష్ దగ్గర వైట్ సిటీ అనే చోట 1908 ఒలింపిక్స్ కోసం పెద్ద స్టేడియం కట్టారు. 1985లో కూల్చేశారు. ఇప్పుడక్కడ ఆఫీసు భవనాలు. వాటి మధ్య ఖాళీ స్థలంలో, ఆనాటి పరుగు పందేల ముగింపు గీత ఎక్కడుండేదో నేల మీద గుర్తు పెట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళ జనం కాఫీ కప్పులు పట్టుకుని దాన్ని దాటుకుంటూ పోతున్నారు. నేను దాని పక్కన చాలాసేపు నిలబడిపోయాను.

మా తాతయ్య విజయనగరంలో తాలింఖానా వస్తాదు. దండీలు, బస్కీలు అయిపోయాక గోదా గట్టు మీద కూర్చుని మాకు రెండు కథలు చెప్పేవాడు. ఒకటి కోడి రామ్మూర్తి నాయుడుగారిది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగి, సొంత సర్కస్ నడిపిన కలియుగ భీముడి కథ. రెండోది గామా కథ. లండన్‌లో ‘జెబిస్కో’ అనే పోలండ్ జెట్టీని గామా పహిల్వాన్ బోర్లా పడుకోబెట్టి లేవనివ్వలేదట. తాతయ్య అప్పటికి పుట్టనే లేదు, అయినా ఎదురుగా కూర్చుని చూసినట్టే చెప్పేవాడు. ఆ కుస్తీ జరిగింది ఈ స్టేడియంలోనే.

1910లో గామా లండన్ వచ్చాడు. ఒడ్డూ పొడుగూ చాలదని నిర్వాహకులు అతన్ని పోటీలోకి రానివ్వలేదు. అప్పుడతను ఒక నాటకశాల నుంచి సవాలు విసిరాడు, ఎవరైనా సరే తన ముందు అయిదు నిమిషాలు నిలబడి చూపించమని. ఆగస్టులో అమెరికన్ డాక్టర్ బెంజమిన్ రోలర్‌ని రెండుసార్లు చిత్తు చేశాక గానీ లండన్‌కి నమ్మకం కుదరలేదు. సెప్టెంబరు 10న స్టానిస్లాస్ జ్బిస్కోతో కుస్తీ. మొదట్లోనే కిందపడ్డ జ్బిస్కో, ఇక లేస్తే వీపు నేలకి తగులుతుందని భయపడి, బోర్లా పడుకుని చాపని కరుచుకుపోయాడు. అలా రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు. చివరికి డ్రా అన్నారు. వారం తర్వాత మళ్లీ పట్టాలి, జ్బిస్కో రాలేదు. విజేత బెల్టు గామాకి ఇచ్చేశారు. తాతయ్య చెప్పినదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదన్నమాట. పద్దెనిమిదేళ్ల తర్వాత, 1928లో, పాటియాలాలో మళ్లీ ఎదురైనప్పుడు గామా అదే జ్బిస్కోని నిమిషం తిరక్కుండా పడగొట్టాడు.

నన్ను ఈ ప్రయాణం పెట్టించిన ప్రశ్న వేరే ఉంది. ఎర్రమట్టి గోదాలో పెరిగిన మనిషి ఓడ దిగి, అక్కడి భాష రాకుండా, లండన్ చాప మీద అంత సులువుగా ఎలా పట్టగలిగాడు? రూల్స్ తేడా రాలేదా? పెద్ద తేడా రాలేదు. ఎందుకంటే అప్పటికి ఇంగ్లండ్‌లో చలామణిలో ఉన్న కుస్తీకి మన కుస్తీకి ప్రాణం ఒకటే. ఒళ్లంతా ఎక్కడైనా పట్టుకోవచ్చు, వెల్లకిలా పడితే ఓటమి. గ్రీకో రోమన్‌లో అలా కుదరదు, నడుం కింద చెయ్యి వెయ్యకూడదు. కంబర్లండ్ పద్ధతిలో మొదలయ్యేదే ఒకరి వీపు చుట్టూ ఒకరు చేతులు బిగించి, పట్టు వదిలినా ఓడినట్టే. కార్నిష్ పద్ధతిలో చొక్కా పట్టుకోవాలి. వీటన్నిటిలోకీ ఉత్తర ఇంగ్లండ్‌లోని లాంకషైర్ గని కూలీలది ఒక్కటే కట్టుబాట్లు తక్కువ ఉన్న పద్ధతి. పేరే ‘క్యాచ్ యాజ్ క్యాచ్ కెన్’. ఎక్కడ దొరికితే అక్కడ పట్టు అని. కింద పడ్డాక కూడా కుస్తీ ఆగదు. గామాకి అది పరాయి కుస్తీ అనిపించి ఉండదని నా నమ్మకం.

మర్నాడు పొద్దున్నే యూస్టన్ స్టేషన్లో రైలెక్కి ఆ గని కూలీల ఊరు విగన్ బయల్దేరాను. అంతకు ముందు సాయంత్రం లెస్టర్ స్క్వేర్‌కి కూడా వెళ్లాను. గామా సవాలు రోజుల్లో కుస్తీలు జరిగిన అల్‌హాంబ్రా థియేటర్ ఉండాల్సిన చోట ఓడియన్ సినిమా హాలుంది. ఫోటో తీసుకుని వచ్చేశాను, అంతకు మించి అక్కడ మిగిలిందేమీ లేదు.

విగన్ స్టేషన్లో దిగేసరికి సన్నటి వాన. గొడుగు వేసుకోవాలో వద్దో తెలియనంత సన్నం. ఈ ఊరూ, చుట్టుపక్కల ఊళ్లూ ఒకప్పుడు బొగ్గు గనులూ నూలు మిల్లులూ. గనుల్లోకి దిగడం అంటే ఏమిటో ఒక్క అంకెతో తెలుస్తుంది. గామా బెల్టు అందుకున్న మూడు నెలలకి, 1910 డిసెంబరు 21న, ఇక్కడికి దగ్గర్లోనే ప్రిటోరియా గనిలో పేలుడు జరిగి 344 మంది పోయారు. అలాంటి పని నుంచి పైకొచ్చినవాళ్లు సాయంత్రాలూ సెలవు రోజుల్లోనూ ఒకరినొకరు పట్టేవాళ్లు. పందెం కాసేవాళ్లు చుట్టూ మూగేవాళ్లు. ఇరుకు సొరంగాల్లో మోకాళ్ల మీద, పక్కకి ఒరిగి బొగ్గు తవ్విన మనుషులు కాబట్టే నేల మీద పట్టే కుస్తీ అంత పదును తేలిందేమో అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

ఆ కుస్తీని పెద్దమనుషుల సమాజంలోకి తెచ్చిన ఘనత జాన్ గ్రాహం ఛాంబర్స్‌కి ఇస్తారు. 1870ల మొదట్లో ఆయన లండన్ వెస్ట్ బ్రాంప్టన్‌లో దీన్ని కొత్త పద్ధతిగా ప్రవేశపెట్టబోయాడు. అప్పటికే విగన్ వైపు జో యాక్టన్ లాంటివాళ్లు తయారవుతున్నారు. యాక్టన్ ‘లిటిల్ డెమన్’ అని పేరు పడ్డవాడు. అతను 1880ల్లో అమెరికా వెళ్లి అక్కడి జెట్టీలకి ఈ పట్లు రుచి చూపించాడు. అక్కడ ఇవాన్ లూయిస్, అతన్ని ఓడించిన ఫార్మర్ బర్న్స్, బర్న్స్ చేతిలో తయారైన ఫ్రాంక్ గాచ్... 1908 ఏప్రిల్‌లో షికాగోలో గాచ్ రెండు గంటల పైచిలుకు పట్టి అప్పటి ప్రపంచ ఛాంపియన్ హాకెన్‌ష్మిట్‌ని ఓడించాడు.

ఆ పక్కనే అమెచ్యూర్ కుస్తీ కూడా ఇదే చెట్టుకి కాసింది. 1896 ఏథెన్స్‌లో కుస్తీ అంటే ఒక్క పోటీ, బరువుల తేడాయే లేదు. జర్మన్ కార్ల్ షుమన్, గ్రీకు ట్సిటాస్‌తో ఫైనల్ పడుతుంటే చీకటి పడిపోయి మర్నాటికి వాయిదా వేశారు. 1904 సెయింట్ లూయిస్‌లో క్యాచ్ పద్ధతి ఒలింపిక్స్‌లోకి వచ్చింది, పట్టినవాళ్లంతా అమెరికన్లే. 1908లో, నేను నిలబడి వచ్చిన ఆ వైట్ సిటీలో, అయిదు బరువుల్లో పట్టారు. హెవీవెయిట్ గెలిచిన కాన్ ఓకెల్లీ హల్ అనే ఊళ్లో పోలీసు. ఈ రోజు టీవీలో చూసే ఫ్రీస్టైల్ ఆ పద్ధతికి మారిన పేరు.

నాకు మనసులో ముల్లులా గుచ్చుకునేది ఇక్కడే. అమెచ్యూర్ అంటే డబ్బు ముట్టనివాడు. పందెం సొమ్ము తీసుకున్నవాడికి అప్పట్లో ఒలింపిక్స్‌లో చోటు ఉండేది కాదు. గని కూలీ వారం జీతం చాలక పందెం పట్టేవాడు, అది అతనికి తప్పు కాదు, అవసరం. అతని పట్టు ఒలింపిక్స్‌కి వెళ్లింది, పతకాల మీదకెక్కింది. అతను బయటే ఉండిపోయాడు. ఇందులో న్యాయం నాకు ఇప్పటికీ కనిపించదు.

ఈ కుస్తీ ఇంకా నేర్పే పక్క ఊరు ఆస్పుల్‌కి విగన్ నుంచి బస్సుంది. నేను మాత్రం కాలవ గట్టున నడిచాను. లీడ్స్ లివర్‌పూల్ కాలవ ఇక్కడ 21 లాకులెక్కి 200 అడుగులకి పైగా పైకి పోతుంది. ధవళేశ్వరం లాకులు చూసినవాణ్ణి, ఒకదాని మీద ఒకటి మెట్లలా ఇన్ని లాకులు నేనెక్కడా చూడలేదు. నల్లటి చెక్క తలుపుల సందుల్లోంచి నీళ్లు చిమ్ముతూ ఉన్నాయి. ఒకప్పుడు ఈ గట్ల వెంట బొగ్గు పడవలు బారులు తీరి ఉండేవి. ఇప్పుడు రెండు బాతులు, కుక్కల్ని నడిపిస్తున్న ముసలివాళ్లు.

మధ్యలో గట్టు దిగి వెల్లీ అనే పేట వైపు తిరిగాను. పైక్ స్ట్రీట్ అనే చిన్న వీధి. బిల్లీ రైలీ జిమ్ ఉండేది ఇక్కడే. రైలీ 1896లో పుట్టిన విగన్ మనిషి, పందెం కుస్తీలు పట్టి పేరు తెచ్చుకున్నవాడు. తర్వాత శిష్యుల్ని పోగేసి రేకుల షెడ్డులో చాప వేశాడు. దాన్నే స్నేక్ పిట్ అన్నారు, పాముల పుట్ట. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బెల్జియం తరఫున పట్టిన చార్ల్స్ ఇస్టాజ్ తర్వాత ఈ షెడ్డుకొచ్చి మళ్లీ అ ఆ ల నుంచి నేర్చుకున్నాడు. అతనే కార్ల్ గాచ్ అన్న పేరుతో జపాన్ వెళ్లి అక్కడివాళ్లకి ‘కుస్తీ దేవుడు’ అయ్యాడు. మన ఖాషాబా జాదవ్ కూడా ఆ 1948 ఒలింపిక్స్‌లోనే మట్టిలోంచి మొదటిసారి చాప మీదకొచ్చి ఆరో స్థానం తెచ్చుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత హెల్సింకీలో కాంస్యం.

షెడ్డు ఇప్పుడు లేదు. కాలిపోయింది. ఇటుక ఇళ్ల వరసలు, పార్కు చేసిన కార్లు. కుక్కని పట్టుకుని ఎదురొచ్చిన ఒక పెద్దాయన్ని అడిగితే, ఎక్కణ్ణుంచి వచ్చావు నాయనా అని ముందు నా సంగతి కనుక్కుని, తర్వాత చేత్తో ఒక మూల చూపించాడు. చిన్నప్పుడు గోడ బయట నిలబడితే లోపల మనుషులు దబ్బు దబ్బున పడుతున్న చప్పుడు వినిపించేదన్నాడు. మా తాతయ్య గోదా కూడా ఇప్పుడు లేదు. ఆ గుంట పూడ్చేసి పైన సిమెంటు బస్తాల గోడౌన్ కట్టారు. ఆ మాట ఆయనకి చెప్పాను. తలూపి, కుక్క గొలుసు రెండో చేతికి మార్చుకుని, కాసేపు నాతో పాటు అక్కడే నిలబడ్డాడు.

రైలీ 1977లో పోయాడు. ఆయన శిష్యుడు రాయ్ వుడ్ ఆ విద్యని పోనివ్వకుండా ఆస్పుల్‌లో నిలబెట్టాడు. నేను వెళ్లేసరికి సాయంత్రం క్లాసు మొదలైంది. చాప వాసన, చెమట వాసన. గోడల మీద నలుపు తెలుపు ఫోటోలు. పదేళ్ల పిల్లలు జంటలుగా పట్టుకుని ఒకరి కాళ్లు ఒకరు లాగుతున్నారు. పిల్లలకి నేర్పేది ముందుగా నిలబడటం, కదలడం, కింద అదిమి పెట్టడం. కీలు విరిచే పట్లు పెద్దయ్యాకే. మా తాలింఖానాలోనూ ఇదే వరస. ముందు దండీ, తర్వాత పట్టు.

మా తాతయ్య వస్తాదు అని చెప్పగానే కోచ్ మొహం వెలిగిపోయింది. బూట్లు విప్పి రమ్మన్నాడు. నా ఎడమ మణికట్టు అతని కుడి చేతిలోకి వెళ్లింది. బొటనవేలు చుట్టలేదు, మిగతా వేళ్లతో పాటే పైన పెట్టాడు. రెండో చెయ్యి నా మోచేతి పైనుంచి దూర్చి, కిందగా తెచ్చి, తన కుడి మణికట్టునే పట్టుకున్నాడు. నా చెయ్యి ఇప్పుడు అతని రెండు చేతుల మధ్య కొక్కెంలా ఇరుక్కుంది. లాగలేదు. తన ఛాతీ నాకు ఆనించి నడుం తిప్పాడంతే. నా చెయ్యి వీపు వెనక్కి వెళ్లి పైకి లేవడం మొదలైంది. భుజం లోపల ఏదో గీత దాటబోతోందని తెలిసింది, రెండో చేత్తో అతని వీపు మీద తట్టేశాను. వెంటనే వదిలాడు. దీన్ని డబుల్ రిస్ట్ లాక్ అంటారు. 1951లో బ్రెజిల్‌లో జపాన్ జూడో వీరుడు కిమురా ఇదే పట్టుతో అక్కడి జుజుత్సు వీరుడు హేలియో గ్రేసీని ఓడించాక లోకమంతా కిమురా అనే పిలుస్తోంది. విగన్‌లో మాత్రం ఆ పేరు వాడరు.

చేతుల బలం వాడొద్దు, ఒళ్లంతా వాడు అన్నాడు కోచ్. తాతయ్య మాట అచ్చం ఇదే. ‘చేత్తో కాదురా, నడుంతో పట్టు.’

ఆ రాత్రి బసకెళ్లి విజయనగరంలో మావయ్యకి వీడియో కాల్ చేశాను. తాతయ్య దగ్గర చివరిదాకా నేర్చుకున్నది ఆయనే. అక్కడ తెల్లవారుతోంది. పట్టు సంగతి చెప్తుంటే మధ్యలో ఆపి, ఎడమ చెయ్యి పైనుంచి తెచ్చాడా, కిందనుంచా అని అడిగాడు. పైనుంచి అన్నాను. బొటనవేలు? చుట్టలేదు మావయ్యా, పైనే. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ ఎక్కడో గూట్లో ఆనించిన చప్పుడు. నిద్రపోతున్న మనవణ్ణి లేపి చాప మీదకి రమ్మంటున్నాడు. తెర మీద ఇద్దరి మోకాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

“ఇలాగేనా?” అన్నాడు మావయ్య.

“నడుం తిప్పు మావయ్యా” అన్నాను.

“అబ్బా, తాతా, వదులు” అని పిల్లాడి కేక వినిపించింది.