ఇంట్లో వాల్వు యాంప్: హమ్మింగ్ వెంట పడిన నాలుగు నెలలు

జూన్ రెండో వారం

చాసిస్‌కి (భాగాలన్నీ బిగించే ఇనప పెట్టెకి) కన్నాలు కొట్టడం పూర్తయింది. కడుతున్నది ఫెండర్ కంపెనీ 1950లలో అమ్మిన చాంప్ అనే చిన్న గిటార్ యాంప్ సర్క్యూట్, 5ఎఫ్1. మూడే వాల్వులు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు): గిటారు సంకేతాన్ని ముందు పెంచేది 12ఏఎక్స్7, స్పీకరుకి పవర్ ఇచ్చేది 6వి6, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌గా 5వై3. మొత్తం 5 వాట్లు. విజయనగరంలో గోడకి గోడ ఆనుకున్న మా వీధికి అదే ఎక్కువ.

1919లో పెట్టిన మా ఊరి సంగీత కళాశాల మీదుగా రోజూ వస్తాను. సాయంత్రం వయొలిన్ సాధన వినిపిస్తుంది. గిటారు తీగ లాగి గమకం పట్టినప్పుడు స్వరం అలాగే సన్నగా సాగి, నిశ్శబ్దంలో కలిసిపోవాలి. నా ట్రాన్సిస్టర్ యాంప్‌లో ఆ చివర తెగిపోతోంది. అందుకే ఈ పని మొదలుపెట్టాను.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రెండూ మోటార్లు చుట్టే ఒక పెద్దాయన దగ్గర చుట్టించాను. పవర్‌ది 290-0-290 వోల్టులు, ఫిలమెంట్లకు (వాల్వు లోపల వేడెక్కే తీగలకు) 6.3, రెక్టిఫయర్‌కి 5. ప్రైమరీలో (కరెంటు లోపలికొచ్చే చుట్టలో) 230తోపాటు 245 వోల్టుల ట్యాపింగ్, అంటే ఇంకో తీగ కొస, కూడా తీయించాను. మా వీధిలో సాయంత్రం 205 ఉండే కరెంటు రాత్రి పదకొండుకి 248 చూపిస్తుంది. 230 ట్యాపింగ్‌లోనే ఉంచితే 6.3 వోల్టుల ఫిలమెంట్‌కి అప్పుడు 6.8 దాకా వెళ్తుంది. వాల్వు ఆయుష్షు తినేది అదే. మన జిల్లాల్లో ఎవరు చుట్టించుకున్నా ఈ ట్యాపింగ్ అడగండి.

జూన్ చివర

మొదటిసారి కరెంటు ఇచ్చాను. నేరుగా కాదు, 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి. బల్బు ఒకసారి వెలిగి మసకబారింది, అంటే షార్ట్ లేదు. అంతకుముందే ఇంటి ఎర్త్ చూసుకున్నాను. ఫేజుకి, ఎర్త్‌కి మధ్య మీటరు 90 వోల్టులే చూపించింది. పెరట్లో ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంది. బొగ్గు, ఉప్పు వేయించి నాలుగు రోజులు నీళ్లు పోశాక 228 వచ్చింది. ఇనప చాసిస్‌లో 350 వోల్టులు పెట్టుకుని, ఆ చాసిస్‌కి తీగతో కలిసిన గిటారుని చేత్తో పట్టుకుంటాం. ఎర్త్ లేకుండా ఈ పని చేయకూడదు.

స్విచ్ ఆపినా చార్జి పట్టుకునుండే ఫిల్టర్ కండెన్సర్ల మీద 220 కిలో ఓమ్‌ల 2 వాట్ల రెసిస్టర్ ఒకటి అడ్డంగా వేశాను, పాత డ్రాయింగ్‌లో అది లేదు. స్విచ్ కట్టేశాక నిమిషం పైగా ఆగి, మీటరుతో చూసుకున్నాకే లోపల చెయ్యి పెడుతున్నాను.

పాట వచ్చింది! కానీ వాల్యూమ్ ఎక్కించగానే చెవులు చిల్లులు పడే కూత. స్పీకరు నుంచి 12ఏఎక్స్7 క్యాథోడ్‌కి (వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటుకి) వచ్చే 22 కిలో ఓమ్‌ల ఫీడ్‌బ్యాక్ (శబ్దంలో కొంత వెనక్కి పంపి అదుపు చేసే దారి) తిరగబడింది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తీగలు రెండూ అటుదిటు మార్చాను, కూత పోయింది.

జులై మొదట్లో

కూత పోయాక రెండు లోపాలు బయటపడ్డాయి: కింది తీగల్లో బలం లేకపోవడం, హమ్మింగ్ (గిటారు ముట్టుకోకపోయినా స్పీకరులో ఉండే మోత).

ముందు బలం సంగతి. సన్నతీగలు బాగున్నాయి, మందపాటి ఆరో తీగ మీటితే రేకుడబ్బా మీద కొట్టినట్టుంది. చుట్లలో తేడా ఉందేమోనని స్పీకరు వైపు 6.3 వోల్టులు ఇచ్చి ప్రైమరీలో కొలిచాను: 154. అంటే 24.4 కి ఒకటి. 8 ఓమ్‌ల స్పీకరుకి లెక్క కడితే (24.4 వర్గం × 8) 4.8 కిలో ఓమ్‌లు. అడిగింది 5. చుట్లు సరిగ్గానే ఉన్నాయి. (ప్రైమరీ చివరలు 154 వోల్టులతో బయటే ఉంటాయి, ముట్టుకోవద్దు.)

తప్పు కోర్‌లో (మధ్యనుండే ఇనప రేకుల కట్టలో) ఉంది. ఒంటి వాల్వు యాంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా ఎప్పుడూ నలభై మిల్లీ ఆంపియర్ల డీసీ పోతూనే ఉంటుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ లాగా ఇంగ్లీషు E ఆకారపు 'ఇ' రేకుల్ని, I ఆకారపు 'ఐ' రేకుల్ని ఇటొకటి అటొకటి అల్లేస్తే ఆ డీసీకే ఇనుము నిండిపోతుంది, మంద్రస్వరాలకి చోటుండదు. 'ఇ'లన్నీ ఒక పక్క, 'ఐ'లన్నీ ఒక పక్క పెట్టి మధ్యన సన్నని ఖాళీ వదలాలి. చెప్పడం మరిచిపోయింది నేనే.

మళ్లీ పట్టుకెళ్తే పెద్దాయన ఆశ్చర్యపోయాడు. "ఏటి బాబూ, సందు ఒగ్గీమంటావా? సందుంటే గురగురలాడతాది కదా. ఇన్నాళ్లబట్టీ సందు లేకుండా ఎయ్యడమే నేర్సుకున్నాను."

"కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కి మీ మాటే నిజం బాబాయ్. దీన్లో డీసీ పోతాది."

కాసేపు ఆలోచించి, తనే రేకులన్నీ ఊడదీశాడు. మోటారు గాడుల్లో పెట్టే లెదరాయిడ్ పేపర్ ముక్క కత్తిరించి, వేళ్ల మధ్య నలిపి మందం చూసి, 'ఐ'ల కట్ట కింద పరిచాడు. పైన క్లాంపు బిగించి, చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి విన్నాడు. డబ్బు తీసుకోలేదు. ఇంటికొచ్చి ఆరో తీగ మీటాను. బల్ల మీదున్న గ్లాసులో నీళ్లు కదిలాయి.

ఆగస్టు

ఇక హమ్మింగ్. దీనికే నెలంతా పట్టింది, దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

హమ్మింగ్‌లు రెండు రకాలు. ఫిలమెంట్ల నుంచో ఎర్త్ తప్పుల నుంచో వచ్చేది 50 హెర్ట్జ్. రెక్టిఫయర్ తర్వాత కండెన్సర్లకు అణగక మిగిలేది 100. దేని వెంట పడాలో తేలకపోతే ఉన్న తీగలన్నీ ఊడదీసి అతికిస్తూ కూర్చోవాలి. గిటారే చెప్పేస్తుంది: ఆరో తీగ మూడో మెట్టు జి, 98 హెర్ట్జ్. హమ్మింగ్ దానికి కాస్త ఎక్కువ శ్రుతిలో వినిపిస్తే 100. ఒక స్థాయి కింద వినిపిస్తే 50. నాది జి పక్కనే, వెంట్రుకవాసి పైన పలికింది. 12ఏఎక్స్7 పీకేసినా అలాగే ఉంది. అంటే సప్లైలోనే.

మొదటి కండెన్సర్ 16 మైక్రోఫారడ్. దాన్ని 47 చేసేయాలనిపిస్తుంది, చేయకూడదు. అంత కండెన్సర్ నింపడం 5వై3కి భారం. దాని బదులు చోక్ (ఇనుము మీద చుట్టిన తీగచుట్ట, అలల్ని అణుస్తుంది) వేశాను. ఎల్‌ఈడీలు వచ్చాక అటక మీద పడేసిన 40 వాట్ల ట్యూబులైటు చోక్. కొలిస్తే 1.2 హెన్రీలు, డీసీలో 35 ఓమ్‌లు. 16 తర్వాత చోక్, దాని తర్వాత 22 మైక్రోఫారడ్, అక్కడి నుంచి 6వి6కి. లెక్క ప్రకారం 100 హెర్ట్జ్ అలలు తొమ్మిదో వంతుకి తగ్గాలి. విన్నాను, తగ్గాయి. చోక్ ఇనుముని చాసిస్‌కి ఎర్త్ చేయడం మరవకండి.

చోక్‌ని బిగించే ముందు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇయర్‌ఫోన్ తగిలించి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రమే కరెంటు ఇచ్చి, అవుట్‌పుట్‌దాన్ని తిప్పుతూ విన్నాను. అడ్డంగా తిరిగినప్పుడు మోత చచ్చిపోయే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడే కన్నం గుర్తు పెట్టుకోవాలి.

పై మోత పోయాక దాని కింద దాక్కున్నది వినిపించింది, ఒక స్థాయి కింద. ఫిలమెంట్లు. రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లతో మధ్యబిందువు చేసి, దాన్ని ఎర్త్‌కి కాకుండా 6వి6 క్యాథోడ్‌కి కలిపాను, అక్కడ 20 వోల్టులు ఉంటుంది. అంతే, పోయింది. ఆ రాత్రి వాల్యూమ్ సగం పెట్టి, గిటారు ముట్టుకోకుండా చాలాసేపు ఊరికే విన్నాను.

సెప్టెంబరు

6వి6 వేడి లెక్క చూశాను. క్యాథోడ్‌లో 470 ఓమ్‌ల మీద 19.7 వోల్టులు, అంటే 42 మిల్లీ ఆంపియర్లు. ప్లేటుకి కాకుండా స్క్రీన్ అనే జాలీకి పోయే 3 తీసేస్తే 39, ప్లేటు మీద 320 వోల్టులతో గుణిస్తే 12.5 వాట్లు. పాత పుస్తకాల పరిమితి 12. రెసిస్టర్ 560 చేశాను, 11.2కి దిగింది. శబ్దంలో నా చెవికి తేడా తెలియలేదు.

ఫీడ్‌బ్యాక్ 22 బదులు 47 కిలో ఓమ్‌లు ఉంచేశాను. గట్టిగా మీటితే కొంచెం గరుకు, మెల్లగా మీటితే తేట. తీసేస్తే మరీ గరుకు, గమకం చెదురుతోంది.

పెట్టె ప్యాకింగ్ పైన్ చెక్కతో. ముందు గుడ్డకి దుకాణంలోవి నచ్చలేదు. తాతయ్య పొందూరు ఖద్దరు పంచె చిరిగిన వైపు వదిలేసి ఒక చదరం తీశాను. వెలుగుకి పట్టుకుంటే అవతల కిటికీ ఊచలు లెక్కపెట్టొచ్చు, అంత పల్చన. గాలికి అడ్డు లేదు. అంచు జరీ వచ్చేలా బిగించమంది అమ్మ, అలాగే బిగించాను.

అక్టోబరు, సిరిమాను అయిన మర్నాడు

స్పీకరుకి జానెడు దూరంలో చెవి పెడితేనే మోత వినిపిస్తోంది. తీగ లాగిన స్వరం చివరిదాకా సాగి పోతోంది. మెడవైపు పికప్‌లో (తీగ కదలికని పట్టే భాగంలో) మాత్రం మంద్రం కాస్త ముద్దగా ఉంది. మంద్రం కాస్త తగ్గించడానికి, వాల్వు నుంచి వాల్వుకి సంకేతాన్ని పంపే 0.02 మైక్రోఫారడ్ కప్లింగ్ కండెన్సర్ బదులు 0.01 తెప్పిస్తున్నాను, పోస్టులో ఉంది.