హిందోళం, మిశ్రచాపు, ఒక ఐప్యాడ్

ఆదివారం, మే నెల

ఇవాళ్టి పని హిందోళం రాగంలో మూడు నిమిషాల పాట. తాళం ఏడు మాత్రల మిశ్రచాపు, గాత్రం ఐదున్నర శ్రుతి. కంప్యూటర్ లేదు. ఐప్యాడ్, మైకును దానికి కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, కరెంటు అందించే హబ్, ఒక కండెన్సర్ మైకు, చెవుల్ని పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్లు, ఇంతే సరంజామా.

యాపిల్ ఉచిత రికార్డింగ్ యాప్ గరాజ్‌బ్యాండ్‌లో కొత్త పాట తెరిస్తే నాలుగు సంగతులు ముందే ఖాయమై ఉంటాయి. శ్రుతి సి, వేగం నిమిషానికి 110 మాత్రలు, తాళం 4/4 అంటే బారుకు నాలుగు మాత్రలు, నిడివి 8 బార్లు. ఈ నాలుగింటిలో ఒక్కటీ ఈ పాటకు పనికిరాదు. అలాగే వదిలేసి ఎర్ర బటన్ నొక్కితే ఎనిమిదో బారు దాటి రికార్డింగ్ ముందుకు సాగదు, పల్లవి మధ్యలో తెగుతుంది. యాప్ పాడైందని కొత్తవాళ్లు కంగారు పడేది ఇక్కడే. కుడివైపు పైనున్న కూడిక గుర్తు నొక్కితే ఆ భాగం, అంటే సెక్షన్, నిడివి మార్చుకోవచ్చు.

శ్రుతి సులువు. ఐదున్నర అంటే జి షార్ప్, సెట్టింగ్స్‌లో కీ అక్కడ పెట్టాలి. కానీ గొంతు రికార్డయ్యాక ఆ కీ జోలికి పోకూడదు. తెర మీద వేళ్లతో వాయించే టచ్ వాయిద్యాలు కొత్త శ్రుతికి జరుగుతాయి, పాడిన గొంతు పాత శ్రుతిలోనే ఉంటుంది.

తాళంతోనే అసలు చిక్కు. ఈ యాప్‌లో దొరికేవి 4/4, 3/4, 6/8 మాత్రమే. ఏడు మాత్రల తాళానికి చోటు లేదు. లాజిక్ ప్రో, క్యూబేసిస్ లాంటివాటిలో 7/8 పెట్టుకోవచ్చు గానీ వాటికి డబ్బు కట్టాలి. ఉచిత యాప్‌లోనే దారుంది. 4/4లో ఏడు బార్లంటే 28 మాత్రలు, అంటే మిశ్రచాపు సరిగ్గా నాలుగు ఆవర్తనాలు, తాళం నాలుగు చుట్లు. వేగం 168 పెడితే ఒక ఆవర్తనం రెండున్నర సెకన్లు, ఏడు బార్లు పది సెకన్లు. మూడు నిమిషాలకు 126 బార్లు, అది ఏడుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది. సెక్షన్ నిడివి 126 పెట్టి, మొదటి ఏడు బార్లలో ఒక తాళం ట్రాక్ రాసి, దాన్ని లూప్ చేస్తే చివరిదాకా అదే నడుస్తుంది.

రాయడం ఇలా. ముందు యాప్ మెట్రోనోమ్ ఆపేయాలి. అది ప్రతి నాలుగో మాత్ర తర్వాత ఊనిక వేస్తుంది, దాంతో పాడేవాళ్ల లెక్క చెదురుతుంది. తర్వాత ఒక డ్రమ్ ట్రాక్ ఎడిటర్ తెరిచి, పెన్సిల్‌తో 1, 4, 6 మాత్రల మీద దెబ్బలు పెట్టాలి, తకిట తకదిమి నడకకు. తర్వాతి ఆవర్తనాలకు అవే 8, 11, 13; 15, 18, 20; 22, 25, 27 అవుతాయి. ఆవర్తనం ఎత్తుకునే 1, 8, 15, 22 దగ్గర దెబ్బ గట్టిగా, మిగతావి మెత్తగా. తెర మీది బారు గీతలు దెబ్బలతో కలవవు. వాటిని పట్టించుకోకుండా చెవినే నమ్మాలి. ఖండచాపుకూ ఇదే లెక్క: ఐదు బార్లు, ఇరవై మాత్రలు, నాలుగు ఆవర్తనాలు.

తంబురాలో కూడా ఒక మార్పు తప్పదు. తంబురా యాప్‌లు మామూలుగా పంచమంతో మోగుతాయి. హిందోళంలో పంచమం లేదు, కాబట్టి మధ్యమ శ్రుతికి మార్చాలి. మార్చకపోతే పాట ఎంత బాగా పాడినా ఏదో అంటుకోనట్టే ఉంటుంది. తంబురా హెడ్‌ఫోన్లలోనే మోగాలి. గదిలో మోగితే గొంతు ట్రాక్‌లోకి దూరుతుంది, తర్వాత ఎవరి తరమూ కాదు దాన్ని తీయడం.

గాత్రం ఉదయం ఐదున్నరకే మొదలు. వీధిలో కూరగాయల బండ్లు, ఇళ్లలో మిక్సీలు మొదలయ్యేలోగా ముగించాలి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. ఐప్యాడ్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేదంటే వాట్సాప్ కాల్ ఒక్కటి వచ్చినా టేకు పోయినట్టే. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఈ పనికి వద్దు. గొంతు చెవికి చేరేసరికి సెకనులో పదో వంతుకు మించి ఆలస్యం కావచ్చు, చాపు నడకలో అది తెలిసిపోతుంది.

తగిలించడంలో ఓ వరస ఉంది. ముందు పవర్ ఉన్న హబ్‌కు కరెంటు, తర్వాత హబ్‌కు ఇంటర్‌ఫేస్, ఆపైన హబ్ ఐప్యాడ్‌కు, అన్నిటికన్నా చివర యాప్. మైకుకు 48 వోల్టులు ఇచ్చే ఇంటర్‌ఫేస్‌ను నేరుగా ఐప్యాడ్‌కు గుచ్చితే కరెంటు చాలక కొన్నిసార్లు గుర్తుపట్టదు. గుర్తుపట్టిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. మైకు జాలీని గోటితో మెల్లగా గీరితే మీటర్ కదలాలి. అప్పుడు కదలకుండా, ఐప్యాడ్ అంచు మీద తట్టినప్పుడు కదిలితే, యాప్ ఇంకా ఐప్యాడ్ సొంత మైకునే వింటోందన్నమాట. యాప్ మూసి మళ్లీ తెరవాలి.

హెడ్‌ఫోన్లలో గుయ్‌మని మోత వస్తోందా? రెండు పిన్నుల ఛార్జర్‌ను అనుమానించాలి. ఎర్త్ లేక ఐప్యాడ్ లోహపు వీపు చేతికి జిల్లుమంటుంది, అదే 50 హెర్ట్జ్ మోతగా మైకులోనూ పడుతుంది. రికార్డింగ్ సేపు ఛార్జర్ తీసేసి హబ్‌కు పవర్‌బ్యాంక్ ఇస్తే మోత ఆగుతుంది.

మైకుకు జానెడు దూరం, మధ్యలో ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్. తారస్థాయి షడ్జం ఎత్తుకున్నప్పుడు కూడా ఇంటర్‌ఫేస్ దీపం ఎరుపెక్కకూడదు. ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో గరాజ్‌బ్యాండ్ కింద 24 బిట్ ఆన్ చేసి ఉంటే గొంతు కాస్త తగ్గినా నష్టం లేదు, తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన గొంతును మాత్రం బాగుచేయలేం. ఇంటర్‌ఫేస్‌లో గొంతును నేరుగా హెడ్‌ఫోన్లకు పంపే డైరెక్ట్ మానిటర్ ఉంటే అదే వాడి, యాప్‌లో మానిటర్ ఆపాలి. రెండూ ఉంటే గొంతు రెండుగా వినిపిస్తుంది.

మధ్యాహ్నం గమకాలు. ట్యాబ్లెట్ మీద నాకు ఇంత ప్రేమ ఉన్నది దీనికే. మౌస్‌తో స్వరం పెట్టగలం గానీ జారించలేం. జియోష్రెడ్ లాంటి యాప్‌లో వేలు గాంధారం మీద ఆనించి మధ్యమం దాకా లాగి, అక్కడ కాస్త ఊపితే వీణ మెట్టు మీద తీగ లాగినట్టే పలుకుతుంది. మహేష్ రాఘవన్ ఐప్యాడ్ మీద వాయించే కర్ణాటక సంగీతం వింటే ఈ గాజుపలక ఎంతదాకా వెళ్లగలదో తెలుస్తుంది. ఎండాకాలం ఫ్యాను ఆపితే వేళ్లకు చెమట పట్టి గాజు మీద అంటుకుంటాయి, జారుడు ముక్కలవుతుంది. పొడి నూలుగుడ్డ పక్కన ఉండాలి.

ఆ వేలి కదలికను వేరే సింథ్‌కు (శబ్దం పుట్టించే యాప్‌కు) పంపేటప్పుడు బెండ్ రేంజ్, అంటే స్వరం జారగల హద్దు, రెండుచోట్లా ఒకటే ఉండాలి. ఒక్కో వేలి కదలికను విడిగా పంపే ఎంపీఈ పద్ధతిలో మామూలుగా అది 48 సెమీటోన్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం ఒక సెమీటోన్). అందుకునే సింథ్ 2 దగ్గర ఉంటే, షడ్జం నుంచి మధ్యమానికి లాగిన ఐదు సెమీటోన్ల జారుడు అక్కడ సెమీటోన్‌లో ఐదో వంతే అవుతుంది. వాయించినవాళ్లకు వేలు కదిలింది, స్వరం కదల్లేదనిపిస్తుంది. ఈ ట్రాక్‌ను క్వాంటైజ్ చేయొద్దు, అంటే స్వరాలను యాప్ చేత మాత్రల మీదికి జరిపించొద్దు. స్వరం ఎత్తుగడ జరిగి, జారుడు ఉన్నచోటే ఉండిపోయే ప్రమాదం ఉంది. తాళం తప్పిన చోట మళ్లీ వాయించడమే మంచిది.

సాయంత్రం మిక్సు త్వరగానే అయింది. తాళం ట్రాక్ మ్యూట్ చేసి, తంబురా వినీవినిపించనట్టు ఉంచి, గొంతుకు కొద్దిగా రివర్బ్, గదిలో మారుమోగినట్టు. పైకి పంపేటప్పుడు కంప్రెస్ చేయని వేవ్ ఫైలు. వీడియోకు జోడించేవాళ్లకు శాంపుల్ రేటు 44.1 కిలోహెర్ట్జ్ అని రాసి పంపాలి. దాన్ని 48గా చదివితే పాట వేగం దాదాపు 9 శాతం పెరిగి, శ్రుతి ఒకటిన్నర సెమీటోన్ దాకా పైకి పోతుంది. ఐదున్నర పాట ఆరు కూడా దాటుతుంది. వాట్సాప్‌లో పంపితే ఆడియోగా కాదు, డాక్యుమెంట్‌గా.

చివరిగా ప్రాజెక్టు ఫోల్డర్‌ను ఫైల్స్ యాప్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ. 24 బిట్ మోనో ట్రాక్ నిమిషానికి దాదాపు 8 ఎంబీ, మూడు నిమిషాల పాటలో ట్రాకుకు 24 ఎంబీ. చోటు చాలడం లేదని ఎవరైనా యాప్ తీసేస్తే, ఐప్యాడ్‌లో మాత్రమే ఉన్న ప్రాజెక్టులు దానితోపాటే పోతాయి.