కందకాల సినిమాకు వరంగల్ మట్టి
మొదటి ప్రపంచ యుద్ధంలో కుర్ర సిపాయిల కథ మన దగ్గర తీయాలంటే ముందు నేల చూడాలి. నల్లరేగడి వద్దు, వానకు ఉబ్బి, ఎండకు పగిలి గోడ కూలుతుంది. మొరం కలిసిన చెల్క మేలు. కందకం ఏడడుగులూ కిందికే తవ్వితే ప్రాణాల మీదికొస్తుంది. మూడడుగులు తవ్వి, పైన నాలుగడుగులు మట్టి సంచులు పేర్చండి. బెల్జియం వైపు నీళ్లూరే ఫ్లాండర్స్ నేలలో సైనికులూ ఇంతే, పైకే కట్టుకున్నారు. సంచి ముప్పావు వంతే నింపి, ఇటుకల్లా అతుకు తప్పించి పేర్చాలి. యూరియా సంచులు లైట్లకు మెరుస్తాయి, గోనెవే కావాలి. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి సంచులు కొంటే మాత్రం ఉతకండి, లేకుంటే హీరో ఏడుపు నటన కాదు! కందకం వంకర్లు తిరగాలి. తిన్నగా ఉంటే ఒక్క ఫిరంగి గుండు పేలినా దాని పెంకులే వరుసంతా ఊడ్చేస్తాయి. కథ 1914దైతే బ్రిటిష్ సిపాయికి ఇనుప టోపీ పెట్టొద్దు, బ్రోడీ హెల్మెట్ వచ్చింది 1915లో.